నోరు తిరగని పేరు

దాసు చినమావ కావిడి దించేడు. దించిన చప్పుడుకే తెలిసిపోయింది మాకు, రెండు బుట్టలూ వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చేయని. ఖాళీ బుట్ట నేలకి తగిలితే చప్పుడు వేరు.

వసారాలో పొగాకు పరుచుకుని చుట్టలు చుడుతున్నాం, ఆరుగురు ఆడవాళ్ళం. అందరి చేతులూ ఆగిపోయేయి. చిన్నతల్లి ఒక్కర్తే తల వంచుకుని ఆకు ఈనె తీస్తూ ఉండిపోయింది. అది అంతే, భయం వేస్తే పని ఎక్కువ చేస్తుంది.

మా అత్త సన్యాసమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నిన్న పొద్దున్న రావికమతం నుంచి వచ్చి బండి దిగింది లగాయతు ఒక్క మాట లేదు. మా ఆడబిడ్డ పురిటికి సాయం వెళ్ళి, అక్కడ ఇరవై రోజులుండి వచ్చేసరికి, ఆవిడ చుట్టలకి ఎర్రదారం లేదు. దారం ఉండవలసిన చోట వేలెడు పొడుగు రంగుకాయితం అంటించి ఉంది.

"ఏటి మరిదీ, సంత కట్టనేదా?" అంది అత్త. నిన్నటి నుంచీ ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది.

"సంత కట్టింది వదినా. వడ్డాది వడ్డాదంతా అక్కడే ఉంది. మన బుట్టలే ఎవులికీ అక్కర్నేకపోయేయి."

"కొనీవోళ్ళు రానేదా, వచ్చి ఎల్లిపోయేరా?"

దాసు చినమావ తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. ఆయన మా మావగారికి వేలు విడిచిన తమ్ముడు. మావగారు పోయేక ఇన్నేళ్ళూ మా చుట్టలు సంతలకి మోసింది ఆయనే. అబద్ధం చెప్పడం రాదు, నిజం చప్పున చెప్పడమూ రాదు.

"వచ్చే ఎల్లిపోయేరు. ఎర్రదారం సుట్ట ఉందా అని ఎప్పట్లాగే అడిగేరు. ఇదే తల్లీ, పేరు మారిందీ అన్నాను. ఏటి పేరూ అన్నారు. 'శ్రీ విజయ' దాకా వచ్చింది నాకు. ఆ మీద నోరు తిరగనేదు. మూడోమాటు అడిగేసరికి, ఇది మన సరుకేనా అని నాకే అనుమానమొచ్చీసింది."

చిన్నతల్లి కిసుక్కుమంది. నేను మోచేత్తో పొడిచేను.

లోపల్నించి మా ఆయన సత్యారావు వచ్చేడు. అత్తకి నేను తమ్ముడి కూతుర్ని, అంచేత ఆయన నాకు చిన్నప్పట్నించీ బావే. అనకాపల్లిలో మూడో ఫారం దాకా చదివేడు. పట్నంలో సిగరెట్ల ఏజెంటు దగ్గర ఏడాది గుమాస్తా చేసేడు. అక్కడ చూసిన బంగారు రంగు డబ్బాలు ఆయన కళ్ళల్లోంచి పోలేదు.

"కాయితమ్మీద పేరు రాసిచ్చేను కదా చిన్నాన్నా!"

"రాసిచ్చేవు నాయనా. నాకు అచ్చరం రాదు, కొనీవోళ్ళకీ రాదు. తలపాగాలోంచి ఆ కాయితం తీసేసరికి కోర్టు నోటీసనుకుని ఒకావిడ పిల్లనెత్తుకుని లగెత్తింది."

"ఏటా పేరు? నాకూ ఇనిపించు" అంది అత్త.

బావ బుట్టలోంచి ఒక చుట్ట తీసేడు. నిటారుగా నిలబడి బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చదివేడు. "శ్రీ విజయ రాజ్యలక్ష్మీ సువాసిత సుఖధూమ స్పెషల్ చుట్టలు."

అత్త గుమ్మంలోంచి ముందుకి వంగింది.

"సుఖధూమ అంటే?"

"సుఖమైన పొగ అమ్మా."

"మీ అయ్య ఉన్న రోజుల్నించీ సుడతన్నాను. దుక్కమైన పొగ ఏనాడిచ్చేన్రా నేను ఎవులికైనా?"

అత్త చుట్ట చేతిలోకి తీసుకుని ఆ కాయితాన్ని వేలితో తడిమింది. ఆవిడకి చదువు రాదు గానీ, వేలితో తడిమితే ఆకు ఏ కోతదో చెప్పేది.

"ఇంకోటుంది వదినా" అన్నాడు దాసు చినమావ. "కోప్పడనంటే సెప్తాను."

"సెప్పు."

"బుచ్చయ్యపేట అచ్చియ్యమ్మ నేదూ, నా సెయ్యట్టుకుని బావురుమంది. 'సన్యాసమ్మ ఎప్పుడు పోయింది బాబూ, కబురైనా సెయ్యనేదే' అంది. ఇంకో ఇద్దరు ఆవిడ్ని సూసి ఏడ్సేరు. నేను నేదు నేదు, బతికే ఉందీ అంటన్నాను. మరి గుర్తెందుకు మారిందీ అంటారు."

మా వైపు అంతే మరి. చేతి గుర్తు మారిందంటే ఆ చెయ్యి లేదనే లెక్క. అత్త సరుక్కి ఇరవై రెండేళ్ళుగా ఉన్నది ఒకటే గుర్తు, చుట్ట కొసకి ఎర్రదారం రెండు చుట్లు. ఎర్రదారం చుట్ట ఇమ్మంటే గుడ్డివాడైనా తడుముకుని ఇచ్చేవాడు. కొన్నవాళ్ళు ఆ దారం లాగి, దాంతో పూలు కట్టుకుని, చుట్ట ముట్టించుకునేవారు. పేరు అంటూ ఎవరూ పెట్టలేదు, జనమే పిలిచేరు.

అత్త కళ్ళు చెమర్చలేదు. "పోయేనన్నారా" అంది, అంతే. "ఇంకా?"

"అచ్చియ్యమ్మ ఒకటి కాల్సింది కూడాను. నీ మీది పేణం కొద్దీ, ఆఖరి సుట్ట అనుకుని. సగమయ్యేసరికి తుపుక్కున ఊసేసింది. నాలిక కాలిపోయింది."

మా ఆడవాళ్ళు చుట్ట కాల్చే పద్ధతి తెలియని వాళ్ళు కూడా చదువుతారు గనక చెప్తాను. మేము నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటాం. అడ్డపొగ అంటాం దాన్ని. ఊడ్పుల్లో వాన పడినా ఆరదు, గాలికి రవ్వ ఎగరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. మగవాళ్ళు నిప్పు బయటికి పెట్టి కాలుస్తారు, వాళ్ళకి కాయితం అడ్డం కాదు. పేరు అంత పొడుగు గనక లేబులూ అంత పొడుగయ్యింది. నిప్పు నోట్లోనే నడిచి నడిచి ఆ కాయితం దాకా వచ్చేసరికి, జిగురూ సిరా కలిసి నాలిక మీదే కాలుతుంది.

"పీకి పారేసి కాల్చుకోవాలి. అది కూడా నేనే సెప్పాలా?" అన్నాడు బావ.

"పీకితే పై ఆకు సిరిగిపోతంది నాయనా. సిరిగిన సుట్ట ఎవులు కొంటారు? పైగా అచ్చియ్యమ్మ అడిగింది, ఇంత పొడుగు పేరెందుకెట్టేరు, లోన ఏటి కలిపేరూ అని. మందేదో ఏసేరని సంతంతా అయ్యింది. మన సుట్టు పక్కల ఎవులికీ అంత పేరు నేదు కదా, మునసబుకే నేదు."

"తెలివి తక్కువ జనం!" బావ గొంతు లేచింది. "పట్నంలో ఏ సరుకైనా సూడమ్మా. పేరు నోరు నిండా ఉంటాది. పేరు పెద్దదైతేనే సరుకు పెద్దదని నమ్ముతారు."

"పట్నమోళ్ళు పేరు సదువుతారు నాయనా. మనోళ్ళు పేరు పిలుస్తారు." అత్త చుట్టని నాకేసి తిప్పింది. "ఇందులో రాజ్యం పేరుందన్నావు కదూ? పెళ్ళాం పేరెట్టుకున్నావు. తప్పు నేదు. అదేనా పిలిసీలాగ ఎట్టేవా? ముందొక గుర్రాన్నీ ఎనకొక ఏనుగునీ కట్టేవు దానికి. మజ్జినున్న గుంటపిల్ల ఎక్కడుందో ఎవులికీ కనబడదు."

ఈసారి అందరూ నవ్వేరు, నేను తప్ప. అత్త నవ్వకుండా నన్నే చూస్తోంది.

"నువ్వడిగేవేటే, పేరెట్టమని?"

"నేదత్తా."

నిజమే చెప్పేను. కానీ నిజమంతా చెప్పలేదు.

దాసు చినమావ కావిడిబద్ద గోడకి జారేసి, ఆఖరి మాట అప్పుడు చెప్పేడు. "వడ్డాది పెదబాబు, ఆ ఉప్పుకొట్టు పక్కనోడు, ఆడి సుట్టలకి ఎర్రదారం కట్టీసేడు వదినా. మనం ఒగ్గేసేమని తెలిసీ తెలియగానే. మన కాడికి రావలసినోళ్ళంతా ఆడి కాడ కొన్నారు."

అత్త లేచి లోపలికి వెళ్ళిపోయింది.

---

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. వడ్డాది సంత పోతే మాకు ఏడాదిలో సగం పని పోయినట్టే. చిన్నతల్లికి మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు. మిగతా నలుగురూ చెరుకు కోతలప్పుడు తప్ప ఇంకెక్కడా పని దొరకని వాళ్ళు. ఆ ఆకుల చాప మీద నుంచి లేచి ఎక్కడికి వెళ్తారు?

పెరట్లో అత్త పొగాకు కట్టల మీద తడిగుడ్డ మారుస్తోంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"అత్తా, నాకు తెలుసు."

"ఏటి తెలుసు?"

"కాయితం కాలుతాదని. లేబులు అంటించిన మూడో రోజే నేనొకటి ముట్టించేను. నాలిక కాలింది. ఎవులికీ సెప్పనేదు."

అత్త తడిగుడ్డ పిండుతూ ఆగింది. "ఎందుకు సెప్పనేదు?"

రెండో తరగతి దాకా చదివేను నేను. నా పేరు అచ్చులో చూడటం పుట్టి బుద్ధెరిగేక అదే మొదలు. నీలం సిరాతో, చుట్టూ తీగ పువ్వులు. ఒక లేబులు పెట్టెలో చీర మడతలో దాచుకున్నాను కూడా. పొద్దున్నా సాయంత్రం పెట్టె తీసి చూసుకునేదాన్ని.

"నా పేరుందని" అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. చేతిలో తడిగుడ్డే మొహాన కొడుతుందనుకున్నాను.

"నాలిక సూపించు" అంది.

చిన్నపిల్లలాగ నాలిక చాపేను. గడ్డం పట్టుకుని వెలుగుకేసి తిప్పి చూసింది. "నీది మానిపోయింది. అచ్చియ్యమ్మది మానడానికి ఇంకా నాలుగు రోజులు పడతాది. దాని వయసుకి ఇంకా ఎక్కువే."

నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడవకు. ఆడు తెలీక సేసేడు. నువ్వు తెలిసి ఊరుకున్నావు. ఎవులి మీద కోప్పడమంటావో నువ్వే సెప్పు."

"నా మీద."

"కోప్పడితే సంత తిరిగొస్తాదేటి?" గుడ్డ దులిపి పొగాకు మీద పరిచింది. "వచ్చే సంతకి నేనెళ్తాను. పోయేనన్నారు కదా, వచ్చి సూసుకోమను. నువ్వూ రా. కాయితాలన్నీ ఎవులు అంటించేరో ఆ సేతుల్తోనే తియ్యాలి."

---

లేబులు తియ్యడమంటే పీకడం కాదు. చుట్టని తడిబట్టలో కాసేపు ఉంచి, పై ఆకుని నెమ్మదిగా విప్పి, కాయితంతో సహా తీసేసి, కొత్త ఆకు మళ్ళీ చుట్టాలి. ఒక్క చుట్టకి మూడు చుట్టలు చుట్టినంత పని. అంటించేటప్పుడు అందరం పాటలు పాడుకున్నాం. తీసేటప్పుడు ఎవరికీ పాట గుర్తు రాలేదు.

రెండో రోజు పొద్దున్న బావ వసారాలోకి వచ్చి, నా పక్కన తడిసిన లేబుళ్ళ కుప్ప చూసేడు.

"ఏం సేస్తన్నావు?"

"కనబడతంది కదా బావా."

"అమ్మ సెప్పిందా?"

"అత్త సెప్పింది. సెప్పకపోయినా తీసీదాన్నే."

"పదివేల లేబుళ్ళే అవి! పట్నంలో పదిహేను రోజులు ప్రెస్సు గుమ్మం కాసేను. ఆ పువ్వుల తీగ నేనే గీసిచ్చేను. నీ పేరు అచ్చులో సూసి మురిసిపోయేవు కదే నువ్వు!"

"మురిసేను. ఇప్పటికీ సూడ్డానికి బాగానే ఉంది. కొనీవోళ్ళు నోటితో అడగలేకపోతే ఎంత బాగుంటే ఏటి?"

"నాలుగు సంతలు ఆగితే వోళ్ళకే అలవాటవుతాది."

"నాలుగు సంతలు నాలికలు కాల్చుకుంటా ఆగుతారేటి?"

ఆడవాళ్ళంతా ఆకుల్లోకి తలలు దూర్చేసేరు. చిన్నతల్లి మాత్రం తల ఎత్తకుండానే అంది, "బాబూ, నా పెద్ద గుంటడి పేరు వెంకట సూర్య సత్యనారాయణమూర్తి. బియ్యం అయిపోయి పొరుగింటికి పంపేటప్పుడు మాత్రం సూరిగా అనే కేకేస్తాను. అవసరానికి అంత పేరు పనికిరాదు."

బావకి నవ్వొచ్చిందో కోపమొచ్చిందో తెలీలేదు. పెదవి ఒక్కసారి కదిలింది. అప్పటికి ఇంకా విప్పని ఒక బుట్ట ఉంది, లేబులు చుట్టలది. దాన్ని భుజానికెత్తుకున్నాడు.

"మీకు నమ్మకం నేదు. నాకుంది. నేనే అమ్మి సూపిస్తాను."

"అన్నం తినెళ్ళు బావా."

వినలేదు. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. అనకాపల్లి రోడ్డు మీద చూసేమని ఒకరూ, మాడుగుల కేసి వెళ్ళేడని ఇంకొకరూ చెప్పేరు. అత్త ఒక్కసారి కూడా గుమ్మం కేసి చూడలేదు. కంచం మాత్రం రోజూ మూడు పీటల ముందూ పెట్టింది.

సంత ముందు రోజుకి చుట్టలన్నీ తయారయ్యేయి. ఎర్రదారం ఉండ ఒళ్ళో పెట్టుకుని చిన్నతల్లి అత్తని అడిగింది, "కట్టమంటావా అప్పా?"

"వద్దు."

"గుర్తు నేకుండానా?"

"పెదబాబు కట్టేడు కదా. ఇప్పుడు మనం కడితే, మనమే ఆడిది ఎత్తుకొచ్చినట్టుంటాది. నాది నేనే ఒగ్గేసుకున్నాను. తప్పు నా ఇంట్లోనే జరిగింది." దారం ఉండ తీసుకుని గూట్లో పెట్టేసింది. "వుట్టివే తీసుకెళ్దాం. అమ్మీది నేను కదా, నన్ను సూసుకోమను."

"ఏటని పిలుస్తారు మరి అత్తా?"

"పిలిసీవోళ్ళు పిలుస్తారు" అంది. కానీ ఆ మాట అన్నప్పుడు నాకేసి చూడలేదు.

---

వడ్డాది సంతలో మా చోటు ఉప్పు రాశులకి ఎడంపక్క. అత్త గోనె పరిచి, చుట్టలు కట్టలు కట్టలుగా పేర్చి, మధ్యలో తను కూర్చుంది. కొత్త చీర కట్టింది. నుదుట విబూది. బతికున్నదాన్నని చెప్పడానికి అంతకన్నా ఏం చేస్తుంది?

మొదట చూసింది కూరలమ్మే ఆవిడ. "ఓలమ్మో!" అని గంప దించేసింది. ఆ కేకకి పదిమంది చేరేరు. కొందరు చెయ్యి ముట్టుకుని చూసేరు కూడా. అచ్చియ్యమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి అత్త ముందు చతికిలబడింది.

"బతికున్నావా ముండా! నేను ఏడ్సేను కదే!"

"ఏడ్సేవని తెలిసే వచ్చేను. నాలిక ఎలగుంది?"

"నీ కొడుకు పుణ్యమా అని కారం తిని వారమైంది."

ఇద్దరూ ముసలివాళ్ళే, ఇద్దరూ నవ్వేరు. ఆ నవ్వు చూసేక నా గుండె కాస్త కుదుటపడింది.

అవతల ఉప్పుకొట్టు పక్క నుంచి పెదబాబు వచ్చి నిలబడ్డాడు. చేతిలో అతని చుట్టల కట్ట, ప్రతి దానికీ ఎర్రదారం. "కోపం నేదు కదా అప్పా? దారమ్మీద ఎవులి పేరూ రాసుండదు. బజార్లో దొరికీదే."

"కోపమేటి బాబూ. కట్టుకో" అంది అత్త. "ఆకు మాత్రం ముగ్గబెట్టి కట్టు. పచ్చి వాసనొస్తంది."

జనం నవ్వేరు. పెదబాబు మొహం ముడుచుకుని తన చోటికి వెళ్ళిపోయేడు. అతని దగ్గర కొన్న ఇద్దరు చేతుల్లో చుట్టలు వాసన చూసుకున్నారు.

అచ్చియ్యమ్మ మా చుట్ట ఒకటి తీసి అటూ ఇటూ తిప్పింది. "ఇదేటే, దారం నేదు, కాయితం నేదు? మొలతాడు నేని పిల్లడిలాగుంది."

"ఆకు నాదే. సెయ్యి నాదే. కాల్చి సూడు."

ముట్టించింది. నిప్పు కొస నోట్లో పెట్టుకుంది. చుట్టూ నిలబడ్డవాళ్ళంతా ఆవిడ బుగ్గలే చూస్తున్నారు. సగం దాకా కాలింది. సగం దాటింది. అచ్చియ్యమ్మ కళ్ళు మూసుకుని తలాడించింది.

చేతులు ముందుకొచ్చేయి. నాకో కట్ట, నాకో కట్ట అన్నారు. నేను అందిస్తున్నాను.

"ఉండండొలే" అంది అచ్చియ్యమ్మ చుట్ట నోట్లోంచి తీసి. "వచ్చే సంతకి నేను రాను, నా కోడలొస్తాది. దానికి నీ మొహం తెలీదు. ఏటని సెప్పి పంపను? ఎర్రదారం అంటే పెదబాబు కాడికెళ్తాది."

అత్త నోరు తెరిచేలోగా సంత అవతలి కొస నుంచి పెద్ద గొంతు వినిపించింది. టూరింగ్ టాకీసు వాళ్ళు ఊరూరా అరిచే రేకు గొట్టం. అందులోంచి వస్తున్న మాటలు నాకు కంఠతా వచ్చు.

"శ్రీ విజయ రాజ్యలక్ష్మీ సువాసిత సుఖధూమ స్పెషల్ చుట్టలు! రండి బాబూ రండి!"

ఎడ్లబండి మీద నిలబడి బావ వస్తున్నాడు. నాలుగు రోజుల గెడ్డం. గొంతు బొంగురుపోయింది. ఎన్ని ఊళ్ళు అరిచేడో. బండిలో బుట్ట నిండుగానే ఉంది.

మమ్మల్ని చూసి గొట్టం దించేడు. జనం ఆయన్నీ చూసేరు, మమ్మల్నీ చూసేరు.

"ఆడు నీ కొడుకు కాదేటి?" అంది అచ్చియ్యమ్మ.

"నా కొడుకే."

"మరి ఆడి బండిలోవి ఎవులివి?"

అత్త గోనె మీది కట్టలు సర్దింది. అచ్చియ్యమ్మ వదల్లేదు.

"ఒకింటి సరుక్కి రెండు పేర్లంటే ఏదో ఒకటి దొంగది కదా. తల్లిది నమ్మాలా, కొడుకుది నమ్మాలా?"

తీసుకున్న కట్ట ఒకావిడ మెల్లగా గోనె మీద పెట్టేసింది. పక్కావిడా పెట్టేసింది. అత్త చేతులు ఒళ్ళో ఉండిపోయేయి. కన్నకొడుకు సరుకు దొంగదని సంత మధ్యలో ఏ తల్లి అంటుంది? ఆవిడ అనదు. అనకపోతే ఆ గోనె ఖాళీ అవదు, చిన్నతల్లి చాప మీద పని ఉండదు.

అనవలసింది నేనే. తెలిసి ఊరుకున్నదాన్ని నేను.

లేచి నిలబడ్డాను.

"ఆ పేరు తప్పు తల్లీ. కాయితాలు మావే, అంటించింది నేనే. నాలిక కాలుతాదని తెలిసీ సెప్పనిదీ నేనే. ఇకమీద మా ఇంట్లో ఒకటే సుట్ట, ఒకటే పేరు. దారం ఎవులైనా కడతారు. ఈవిణ్ణి ఎవులూ కట్టలేరు. మీ కోడలికి సెప్పి పంపు..."

అక్కడ ఆగేను. అత్త పేరు కోడలి నోట రాకూడదు. నాలుగేళ్ళ కాపరంలో నేనెన్నడూ అనలేదు. మా వీధిలో అదే పేరున్న ఇంకొకావిణ్ణి కూడా 'ఆ చివరింటామె' అనే పిలిచేదాన్ని. సంతలో, అందరి ముందూ, ఆవిడ వింటూండగా అంటే, పెంపకం లేనిదంటారు నన్ను. మా నాన్నని అంటారు.

"సన్యాసమ్మ సుట్ట" అన్నాను.

ఉప్పు కొలిచే మనిషి చెయ్యి ఆగింది. అచ్చియ్యమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఎవరో వెనకాల "ఓలమ్మ, అత్త పేరే" అన్నారు.

అత్త మెల్లగా నాకేసి తిరిగింది. ఆ మొహంలో ఏముందో ఈనాటికీ నేను చెప్పలేను.

"ఏటన్నావు?"

నేను ఆవిడకేసే చూసేను.

"మళ్ళీ అను" అంది.

బావ బండి దిగి వచ్చి మా గోనెకి ఇవతల ఆగేడు. రేకు గొట్టం ఆయన చేతిలోనే ఉంది. ఆ మాట సంతంతా వినేలా అందామని నేను దానికోసం చెయ్యి చాపేను. బావ ఇవ్వలేదు. అలాగని గొట్టం పట్టిన చెయ్యి వెనక్కీ తీసుకోలేదు.